అక్క చూడని బీమ్

టెక్సస్‌లోని బఫెలో ఊరు దాటకముందే బస్సు ఆగిపోయింది. హ్యూస్టన్ నుంచి డాలస్ వెళ్లేవాళ్లకి ఐ-45 హైవే గురించి చెప్పక్కర్లేదు. మాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు దగ్గర ఒకసారి ఆగినా నాలుగు గంటల్లో చేరిపోతాం. ఒంటిగంటకి డాలస్, అక్కడి నుంచి బావ కారులో మూడింటికల్లా ఫోర్ట్‌వర్త్ అనుకుని ఉదయం తొమ్మిదింటి బస్సు ఎక్కాను. ఆ లెక్కంతా ఒక పెట్రోల్ బంకు దగ్గర తలకిందులైంది. ఏసీ చెడిపోయిందట, వేరే బస్సు వస్తోందట. మూడు గంటలు ఎండలో నిలబెట్టారు. 45 డాలర్లు తీసుకున్నవాళ్లు ఒక్క నీళ్ల సీసా కూడా ఇవ్వలేదు.

అది 2024 ఏప్రిల్ 18, గురువారం. మధ్యాహ్నం మూడున్నరకి ఫోర్ట్‌వర్త్ డికీస్ అరీనాలో, అమ్మాయిల కాలేజీ జిమ్నాస్టిక్స్ జాతీయ పోటీల్లో, మా ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సెమీఫైనల్. దానికోసమే ఆఫీసులో సెలవు పెట్టాను, రెండు నెలల ముందే టికెట్ కొన్నాను. చివరికి ఆ సెమీఫైనల్ చూసింది కోర్సికానా దగ్గర, బస్సులో, ఫోన్‌లో. సిగ్నల్ వచ్చేది, పోయేది. ఒకమ్మాయి బార్స్ అనే రెండు కడ్డీల మీద తలకిందులుగా నిలబడ్డ చోట బొమ్మ ఆగిపోతుంది. మళ్లీ కదిలేసరికి ఆమె చాప మీద నిలబడి చేతులు పైకెత్తి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో తెలియదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పక్క సీటు కుర్రాడు ఏమీ అడగకుండా తన పవర్ బ్యాంక్ తీసి ఇచ్చాడు.

బావ కారు ఎక్కి ఫోర్ట్‌వర్త్ దారిలో ఉండగా తెలిసింది, ఎల్ఎస్‌యూ, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్లు ఫైనల్‌కి వెళ్లాయని. కారులో గట్టిగా అరిచాను.

"అంటే సిమోన్ బైల్స్ కూడా వస్తుందా?" అన్నారు బావ.

అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. సిమోన్ బైల్స్ మా హ్యూస్టన్ వైపు మనిషే గానీ కాలేజీకి ఆడలేదు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చేరదామనుకుని, 2015లో ప్రొఫెషనల్ అయింది. అప్పట్లో తన పేరు మీద డబ్బు సంపాదిస్తే కాలేజీ ఆటకి పనికిరారు. 2021లో ఆ నిబంధన మారింది కాబట్టే ఒలింపిక్ చాంపియన్ సునీ లీ ఆబర్న్ యూనివర్సిటీ తరఫున ఆడగలిగింది. ఇదంతా బావ ఓపిగ్గా విన్నారు. తర్వాత పార్కింగ్ స్థలం వెతుక్కున్నాం. ఒక ప్రైవేటు ఖాళీ జాగాలో 40 డాలర్లన్నారు. నన్ను గేటు దగ్గర దింపేసి, రాత్రి పదిన్నరకి వస్తానని ఆయన వెళ్లిపోయారు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్పాలి. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. ఐదో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఎల్బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్ నేర్చుకున్నాను. హైస్కూల్లో, తర్వాత ఇంటర్లో ఉన్న అక్క నన్ను కోఠి దాకా బస్సులో తీసుకెళ్లి, అక్కడి నుంచి నడిపించేది. నేను లోపల ఉన్నంతసేపూ ఒక మూల కూర్చుని తన రికార్డులు రాసుకునేది. ఒక సాయంత్రం బీమ్ అనే సన్నటి దూలం మీద నుంచి పడి నా మోచేయి విరిగింది. కట్టు విప్పి చెయ్యి కుదుటపడేసరికి తొమ్మిదో క్లాసు, తర్వాత టెన్త్. ఇంట్లో ఎవరూ మానెయ్యమనలేదు. మళ్లీ వెళ్లమనీ అనలేదు. అదే స్టేడియంలో సాధన చేసిన బుద్దా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ మీద (పరిగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరే విన్యాసం) కాంస్యం గెలిచినప్పుడు, అక్క ఆ వార్త నాకు వాట్సాప్‌లో పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఎంఎస్‌కి ఎల్ఎస్‌యూ ఉన్న బాటన్ రూజ్ వచ్చాక, 2016 జనవరిలో ఒక శుక్రవారం రాత్రి రూమ్మేట్ నన్ను బాస్కెట్‌బాల్ హాలుకి లాక్కెళ్లింది. వేలమంది జనం. మధ్యలో బీమ్. పన్నెండేళ్ల తర్వాత దాన్ని దగ్గరగా చూశాను. దాని మీద సారా ఫినెగన్ అనే అమ్మాయి. కాలేజీలో ఆమెకీ మొదటి ఏడాదే, నాకూ మొదటి ఏడాదే. ఆమె చేతివేళ్లు కదిలిన తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ రోజు నుంచి జనవరి వస్తే చాలు, ఏప్రిల్ దాకా నా శుక్రవారాలు ఈ ఆటవే.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది లెక్క. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ (పాటకి నేల మీద చేసేది), ఇలా ఒక్కో పరికరం మీద జట్టు నుంచి ఆరుగురు చేస్తారు, ఐదుగురి స్కోర్లే కలుపుతారు. అందరికంటే తక్కువ వచ్చినది వదిలేస్తారు. అంటే ఒకరు పడొచ్చు. పడ్డా ఫరవాలేదు, మిగతా ఐదుగురూ మోస్తారు. చిన్నప్పుడు మాకు అలాంటి లెక్క లేదు. పడితే అది నా ఒక్కదాని స్కోరే.

గురువారం రాత్రి ఎనిమిదింటి సెమీఫైనల్‌లో నా పక్క సీట్లలో డెబ్బై ఏళ్లు దాటిన దంపతులు కూర్చున్నారు. ఓక్లహోమా జట్టు ఎరుపు రంగు చొక్కాలు. ఓక్లహోమాలోని నార్మన్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుని వచ్చారట. ఆవిడ ఒళ్లో స్పైరల్ నోట్‌బుక్, అందులో పెన్సిల్‌తో గీసిన గళ్లు. ప్రతి మీట్‌లో ప్రతి స్కోరూ తన చేత్తో రాసుకుంటుందట. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే, "ఇది పదకొండో పుస్తకం" అంది. ఆ ఏడాది ఓక్లహోమాని ఎవరూ తాకలేరనే అందరూ అనుకున్నారు. 2022, 2023 చాంపియన్లు. ఆ సీజన్లోనే 198.950 కొట్టారు, కాలేజీ జిమ్నాస్టిక్స్ చరిత్రలో అంతవరకూ ఎవరికీ రాని స్కోరు.

వాళ్లకి మొదటి రౌండ్ వాల్ట్. పరుగు, గాల్లోకి లేవడం, మెలికలు, అన్నీ కొన్ని సెకన్ల పని. ఒకమ్మాయి దిగుతూ పడిపోయింది. నా పక్కావిడ స్కోరు రాసి, దాని చుట్టూ చిన్న సున్నా చుట్టింది. "ఇది వదిలేసేది," అని నాకు చూపించింది. ఇంతలో ఇంకొకరు పడ్డారు. పడితే అర పాయింటు పోతుంది. ఈ ఆటలో జట్ల మధ్య తేడాలు తరచూ వందో వంతుల్లో ఉంటాయి కాబట్టి అర పాయింటంటే కొండంత. వదిలెయ్యడానికి ఒక్క గడే ఉంది. ఆవిడ పెన్సిల్ కాగితం మీద ఆగిపోయింది. భర్త ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

నేను ఎల్ఎస్‌యూ అభిమానిని. 2016, 2017, 2019, మూడుసార్లూ మేం రెండో స్థానంలో ఆగిపోయింది ఓక్లహోమా వల్లే. వాళ్లు పోతే మాకు దారి తెరుచుకుంటుందని హాల్లో అందరికీ తెలుసు. నా వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఆ చప్పుడు భరించబుద్ధి కాలేదు. పడ్డ అమ్మాయిని మిగతావాళ్లు చుట్టేసి, భుజాలు పట్టుకుని ఏదో చెబుతున్నారు. నా పక్కావిడ ముక్కు తుడుచుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టింది. బార్స్, బీమ్, ఫ్లోర్, ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. చివరికి యూటా, ఫ్లోరిడా ఫైనల్‌కి వెళ్లాయి.

లేచేటప్పుడు ఆవిడ ఫోన్ తీసి, "శనివారం మా రెండు టికెట్లు నీకు పంపనా?" అంది. ఒకటి చాలన్నాను, నాకు ఉందని. డబ్బిస్తానంటే తీసుకోలేదు. "ఫైనల్లో సీటు ఖాళీగా ఉండకూడదు," అంది. రెండో టికెట్ మెట్ల మీద ఒక యూటా పిల్లకి ఇచ్చేసింది. పార్కింగ్ దాకా ముగ్గురం నడిచాం. ఆయన ఆ రాత్రే నార్మన్ వెళ్లిపోదామన్నాడు, ఆవిడ పొద్దున వెళ్దామంది. వాళ్లు ఏం నిర్ణయించుకున్నారో తెలియకుండానే బావ కారు వచ్చేసింది.

శుక్రవారం ఫ్రిస్కోలో అక్కావాళ్ల ఇంట్లో గడిచిపోయింది. హనుమాన్ గుడి, కూరగాయలు, పాప హోంవర్క్.

శనివారం అక్కని బయలుదేరదీయడం అంత తేలిక కాలేదు. "నాకేం తెలుసు ఆ ఆట, బావని తీసుకెళ్లు" అంది. నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు, మూడేళ్లు మూల కూర్చుని చూశావన్నాను. డబ్బాలో పులిహోర పెట్టింది, లోపలికి తేనివ్వరని చెప్పినా. పార్కింగ్‌లో కారులోనే తినేసి వెళ్లాం.

హాల్లో అక్క మొదటి ప్రశ్న: "పదికి పది అంటున్నారేంటే? రియోలో దీపా కర్మాకర్‌కి పదిహేను వచ్చింది కదా?" దీపాకి వచ్చిన 15.066 అక్కకి గుర్తుంది, 2016లో నాలుగో స్థానం. చాలామంది అడగాల్సిన ప్రశ్న అది. అంతర్జాతీయ పోటీల్లో 2006 నుంచి పది తీసేసి, కష్టానికి వేరే, చేసిన తీరుకి వేరే మార్కులు వేసి కలుపుతున్నారు. కాలేజీల్లో మాత్రం పది అలాగే ఉంచుకున్నారు. అందుకే ఇక్కడ ప్రాణాలకి తెగించిన విన్యాసాల కంటే, దిగినప్పుడు పాదం కదలకుండా నిలబడటానికి విలువ. నాకు అదే ఇష్టం. ఇరవై రెండేళ్ల వయసులో, రెండు ఆపరేషన్లు అయిన మోకాళ్లతో కూడా ఒకమ్మాయి ఇక్కడ పదికి ప్రయత్నించగలదు.

నాలుగు జట్లు నాలుగు పరికరాల మీద ఒకేసారి చేస్తుంటే ఎటు చూడాలో తెలియదు. టీవీలో ఈ గోల వినపడదు. ఎల్ఎస్‌యూ ఫ్లోర్, వాల్ట్, బార్స్ పూర్తి చేసింది. మిగిలింది బీమ్. పది సెంటీమీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు. నాలుగు దశాబ్దాలకు పైగా ఈ జట్టుకి కోచ్‌గా ఉన్న డీడీ బ్రో ఒక్క టైటిల్ కూడా గెలవకుండానే 2020లో రిటైరైంది. ఇప్పుడు ఆ మొదటి టైటిల్ ఈ కర్రముక్క మీద ఉంది.

పక్కకి చూస్తే అక్క తల దించుకుని ఉంది. తల నొప్పా అన్నాను.

"కాదు. బీమ్ నేను చూడలేను. నువ్వు పడ్డప్పటి నుంచీ టీవీలో వచ్చినా ఛానల్ మార్చేస్తా."

నాకు ఇన్నేళ్లూ తెలియదు. మోచేయి నాది, నొప్పి నాది, మానేసింది నేను అనుకున్నాను. ఆ సాయంత్రం నన్ను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు అక్కకి పదిహేడేళ్లు.

"నువ్వు చూసి చెప్పు" అంది.

చెప్పాను. ఎక్కింది. తిరిగింది. కొంచెం ఊగింది, నిలబడింది. కానర్ మెక్‌క్లెయిన్, హేలీ బ్రయంట్, ఒక్కొక్కరివే స్కోర్లు చెబుతుంటే అక్క నా ఫోన్‌లో నోట్స్ తెరిచి రాసుకుంటూ పోయింది. నార్మన్ ఆవిడ గురించి అక్కకి అప్పటికి చెప్పలేదు. వేరే జట్టు ఫ్లోర్ పాట మోగుతోంది, మరో మూల ఎవరో బాగా దిగినట్టున్నారు, కేకలు. ఆ రొదలో చివరగా ఆలియా ఫినెగన్ ఎక్కింది. సారా చెల్లెలు. మూడుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయిన జట్టులో ఉన్న ఆ సారా చెల్లెలే. ఈ మాట అక్కకి చెప్పాను. అక్క నా మణికట్టు పట్టుకుంది, తల మాత్రం ఎత్తలేదు.

"ఇప్పుడేం చేస్తోంది?"

"చివరికి వచ్చింది. దిగబోతోంది."

నేను చెప్పడం ఆపేశాను. హాలంతా లేచింది.

"దిగిందా?"

"దిగింది అక్కా."

9.95. మొత్తం 198.225. కాల్ 197.850, యూటా 197.800, ఫ్లోరిడా 197.4375. ఊదా, పసుపు చొక్కాల వాళ్లు ముక్కూముఖం తెలియని వాళ్లని కౌగలించుకుంటున్నారు. ఒకాయన అక్కని కూడా కౌగలించుకుని, ఏడుస్తూ, ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్నానన్నాడు.

తిరుగు దారిలో కారు నేనే నడిపాను. అప్పటికే ఆ బీమ్ వీడియో వచ్చేసింది. అక్క ఫోన్ దగ్గరగా పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా, తల దించకుండా చూసింది. గ్రేప్‌వైన్ ఊరు దాటేసరికి మూడుసార్లు చూసింది.