వాన లేని వరద

మాది కళింగపట్నం దగ్గర ఊరు, వంశధార సముద్రంలో కలిసే చోటు. వరదంటే మాకో లెక్క ఉంది. పైన ఒడిశాలో గట్టి వాన పడాలి, గొట్టా బ్యారేజీ గేట్లెత్తాలి, అప్పుడు ఏరు పొంగాలి. ఆ లెక్క హిమాలయాల్లో చెల్లదని తెలుసుకోడానికి నాకూ మా బావకీ ఒక రోజు, ఒక జత బూట్లు ఖర్చయ్యాయి.

మనాలీ నుంచి లేహ్‌కి బండి మీద వెళ్లాలన్నది బావ సరదా. జూన్ చివర్లో విజయనగరంలో సమతా ఎక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి బస్సులో మనాలీ, అక్కడ అద్దెకో బుల్లెట్. 2020లో తెరిచిన అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు. ఇవతల దేవదారు చెట్లు, మబ్బులు. అవతల బోడి రాతికొండలు, వాటి నెత్తిన మంచు. తాండి బంకులో ట్యాంకు నింపి, క్యాన్లలో కూడా పోయించుకున్నాం.

సముద్రం పక్క మనుషులం కదా, పదిన్నర వేల అడుగుల ఎత్తున్న జిస్పాలో రెండు రాత్రులు ఆగాం. శ్రీకాకుళంలో డాక్టరుగారు ఎత్తు పడక వచ్చే తలనొప్పీ అదీ రాకుండా డయామాక్స్ రాసిస్తూ, మాత్ర కన్నా ఆగుతూ వెళ్లడమే మందని మరీమరీ చెప్పారు. అంతవరకు బుద్ధిగానే ఉన్నాం. మూడో రోజు బయల్దేరేసరికే పదకొండయింది. "తొందరేటిరా, సాయంత్రానికి సర్చూ ఎల్లిపోమా?" అన్నాడు బావ.

జింగ్‌జింగ్‌బార్ దాటాక రోడ్డుకి అడ్డంగా నాలా, అంటే కొండవాగు. కల్వర్టు లేదు. పైన కరిగిన మంచు రోడ్డు మీదుగానే దూకుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నీళ్లు బూడిద రంగులో ఉండి అడుగు కనబడలేదు. మోకాలి లోతుకి మించదనుకుని దిగాం. సగంలో ముందు చక్రం గుండ్రాయికి కొట్టుకుని బండి ఆగిపోయింది. కాలు దించాను. చల్లగా అనిపించలేదు, వాత పెట్టినట్టనిపించింది. కాసేపటికి కాలు ఉందో లేదో కూడా తెలియలేదు. ఒడ్డున ఆగిన లారీ క్లీనరు దిగొచ్చి, ముగ్గురం కలిసి బండిని వెనక్కి లాగాం.

లారీ డ్రైవరు ముందు సూర్యుణ్ని, తర్వాత నీళ్లని వేలితో చూపించాడు. మాకొచ్చిన హిందీకి అది చాలు. పొద్దుటి ఎండకి కరిగిన మంచు మధ్యాహ్నానికి ఇక్కడికి దిగుతుంది. రాత్రి చలికి కరగడం ఆగి, తెల్లారేసరికి ఏరు చిక్కిపోతుంది. ఎండ కాసిన ప్రతిరోజూ ఇదే వరస. ఆయన లారీ పక్కకి పెట్టి నింపాదిగా స్టవ్వు వెలిగించుకున్నాడు. మేం తడి బూట్లతో జిస్పాకి తిరిగొచ్చాం.

మర్నాడు నాలుగున్నరకే లేచిపోయాం. అదే నాలా, చీలమండ లోతు! అంచుల్లో పేరుకున్న పలచటి ఐసు టైరు కింద అప్పడంలా విరిగింది. అర నిమిషంలో అవతల ఉన్నాం.

ఇంకా పైకెళితే సూరజ్ తాల్, సగం గడ్డకట్టి ఉంది. భాగా నది పుట్టేది అక్కడే. తాండి దగ్గర చంద్రతో కలిసి అదే చినాబ్ అవుతుంది. సూర్యుడి పేరున్న చెరువు కదా, అరసవల్లి స్వామిని తలుచుకుని బావ దండం పెట్టాడు. నిన్న మనల్ని ముంచింది కూడా ఆయనేనని నేను అనలేదు.

16,000 అడుగుల బారాలాచా కనుమ దాటి, 14,000 అడుగుల సర్చూకి దిగేసరికి బావకి తలనొప్పి. సర్చూలో చిక్కేమిటంటే, ముందుకెళ్లినా వెనక్కెళ్లినా మళ్లీ ఎక్కాల్సిందే. జిస్పాలో అదనంగా పడుకున్న రాత్రి ఆదుకున్నట్టుంది, సాయంత్రానికి తగ్గింది. గుడారంలో పెట్టిన అన్నం పలుకుగా ఉంది. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి మరి. పలాస జీడిపప్పు ప్యాకెట్టు బెలూన్‌లా ఉబ్బిపోయింది. బావ కొరికితే ఫట్‌మని పేలి, పప్పులన్నీ దుప్పట్లో పడ్డాయి.

ఇంటికొచ్చాక మావయ్యకి చెబితే, "వాన నేకుండా వరదేటిరా?" అన్నాడు. బావ ఫోన్‌లో ఫొటో చూపించాడు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందల చేపలుంటాయేటి?"