'లేట్' అనే చిన్న మాట నా మార్కులు ఎలా తినేసిందంటే

సీజీఎల్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఎస్‌ఎస్‌సీ పెట్టే పరీక్షకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు, ముఖ్యంగా నాలాగా పది దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు, ఇది ఒకసారి చదవండి. తెలియని మాట వస్తే జాగ్రత్తపడతాం, తెలిసిన మాట దగ్గర అసలు ఆగం, నేను బోల్తా పడిందంతా అక్కడే.

బస్సు లేటు, జీతం లేటు, రిజల్ట్ లేటు. చిన్నప్పటి నుంచి వాడుతున్న మాటే కదా, ఇందులో నేర్చుకునేదేముంది అనుకున్నా. ఒక మాక్ టెస్టులో 'హి కేమ్ లేట్లీ టు ద మీటింగ్' అని ఇచ్చి తప్పెక్కడుందో పట్టమంటే, శుభ్రంగా ఉంది కదా అని 'నో ఎర్రర్' పెట్టేశా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, మనం 'లేటుగా వచ్చాడు' అంటాం కాబట్టి ఆ 'గా' బుర్రలో ఉండిపోయి ఇంగ్లిష్‌కి వెళ్లేసరికి 'లీ' తగిలించేస్తుంది. అక్కడ 'హి కేమ్ లేట్' చాలు. లేట్లీ అంటే 'ఈ మధ్య'. హార్డ్ కూడా ఇంతే: 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడతాడు, 'హి హార్డ్లీ వర్క్స్' అంటే పని చేసేదే తక్కువ. ఇది చెప్తే మా రూమ్మేట్ "రెండోది నీ గురించేరా" అన్నాడు.

అసలు పరువు పోయింది లెటర్ రైటింగ్‌లో. ఇంతకుముందు పనిచేసిన ప్రిన్సిపాల్ అనబోయి 'అవర్ లేట్ ప్రిన్సిపాల్' అని రాశా. దిద్దిన సీనియర్ "అయ్యో, ఎప్పుడు పోయారు?" అని అడిగాడు. ఆ సారు అంతకుముందు వారమే మా అన్న పెళ్లికొచ్చి భోంచేసి వెళ్లారు! పెళ్లి కార్డుల్లో పేరు ముందు 'కీ.శే.' వేసే చోట కొందరు 'లేట్' అని వేయడం ఎన్నిసార్లు చూశానో, అయినా పెన్ను పట్టుకుంటే గుర్తు రాలేదు. అక్కడ రాయాల్సింది 'ఫార్మర్'.

లేటర్, లాటర్ కూడా చూసుకోండి. 'టి' ఒకటే ఉంటే తర్వాత, రెండుంటే చెప్పిన రెండింటిలో రెండోది.

సీజీఎల్ రెండో దశ పరీక్ష టియర్ 2లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పయితే 1 పోతుంది, అంటే నాలుగు మార్కుల తేడా. అందుకే ఇప్పుడు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లేటప్పుడు ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్తున్నా, ఇంట్లో మాట్లాడే ఇంగ్లిష్ మాటలే రోజుకొకటి, అర్థానికో వాక్యం. నిన్న 'ఫైన్' రాశా. బాగుండటం, జరిమానా, సన్నగా ఉండటం... పేజీ చాలలేదు.