ఓసీడీకి అయస్కాంత చికిత్స

చేతులు శుభ్రంగానే ఉన్నాయని తెలిసి కూడా చర్మం పగిలేదాకా కడుక్కుంటూనే ఉండే మనిషిని ‘మనసు గట్టి చేసుకో’ అని మందలించడం అన్యాయమని నా నమ్మకం. ఇలా అక్కర్లేని ఆలోచనలు వేధించి, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మతే ఓసీడీ. దీనికి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2018 ఆగస్టులో అనుమతించిన, అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించే డీప్ టీఎంఎస్ చికిత్స గురించి శ్రద్ధగా చదివింది అందుకే.

తలకు హెల్మెట్ వంటి పరికరం తొడిగి, అందులోని కాయిల్ ద్వారా నుదుటి వెనుక లోతుగా ఉన్న మెదడు భాగాలకు అయస్కాంత స్పందనలు పంపుతారు. మత్తుమందు అక్కర్లేదు, టకటకమనే శబ్దం నుంచి కాపాడటానికి చెవుల్లో ప్లగ్గులు పెడతారు. నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం దానికి ముందు జరిగే పని. మురికి భయం ఉన్నవారి చేత తలుపు గడియను తాకించడం వంటివి చేసి ఆందోళనను కావాలనే రేపుతారు. ఆ ఆందోళనతో ముడిపడిన మెదడులోని నాడీ వలయం చురుగ్గా ఉన్నప్పుడే దాన్ని మార్చడం సులువని పరిశోధకుల భావన.

అనుమతికి ఆధారమైన పరీక్షలో, 6 వారాల చికిత్స తర్వాత, అసలు చికిత్స పొందినవారిలో సుమారు 38 శాతం మందికి, పోలిక కోసం ఉత్తుత్తిగా చేసిన నకిలీ చికిత్స పొందినవారిలో 11 శాతం మందికి లక్షణాల తీవ్రత కనీసం 30 శాతం తగ్గింది. ఈ తేడా చిన్నది కాదు, అయినా సగానికి పైగా మందికి ఆ మేరకు ఉపశమనం దక్కలేదు కనుక, మందులనూ ఈఆర్‌పీ అనే ప్రవర్తనా చికిత్సనూ మానేసి దీనివైపు పరుగెత్తడం సరికాదు. అనుమతి కూడా ఇతర చికిత్సలకు తోడుగా వాడటానికే ఇచ్చారు. గతంలో మూర్ఛ వచ్చినవారు, తలలో లోహపు క్లిప్పులు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.