నాబ్ మీద 120, నేల మీద 170: పద్యనాటకానికి క్రాసోవర్ సరిచేసుకున్న తీరు

మా సెట్టు చిన్నది. 15 అంగుళాల టాప్‌లు (మాటలు, పై స్వరాలు పలికే పెట్టెలు) రెండు, 18 అంగుళాల బేస్ బాక్సులు రెండు, ఆంప్లిఫయర్లు రెండు, వాటి ముందు శబ్దాన్ని బేస్‌కీ టాప్‌కీ విడదీసే టూవే స్టీరియో క్రాసోవర్ ఒకటి. టాప్‌లో హార్న్‌కి దాని సొంత పాసివ్ క్రాసోవర్ లోపలే ఉంది, దాని జోలికి పోలేదు. కందుకూరు–పామూరు రోడ్డు మీది ఊళ్లో తిరునాళ్ల పద్యనాటకానికి కట్టినప్పుడు, ముందురోజు డీజేకి వాడిన సెట్టింగే ఉంచేశాను. హార్మోనియం పెద్దాయన ఒక్క పద్యం విని, "ఏందబ్బాయా, గొంతు గోలెంలోంచి వస్తన్నట్టుందే" అన్నాడు. ఆయన మాట నిజం.

డీజేకి క్రాసోవర్ 120 హెర్ట్జ్ దగ్గర, బేస్ టాప్ కంటే 12 డీబీ ఎక్కువ. మనం నాబ్ మీద చూసే అంకె, రెండు అవుట్‌పుట్ల లెవెలూ సమానంగా ఉన్నప్పటిది. ఆక్టేవ్‌కి (అంటే హెర్ట్జ్ రెట్టింపు అయ్యే దూరానికి) 24 డీబీ చొప్పున కోసే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్‌లో బేస్ ఎన్ని డీబీ పెంచితే అందులో ఇరవైనాలుగో వంతు ఆక్టేవ్ పైకి జరుగుతుంది బేస్, టాప్ అసలు కలిసే చోటు. 12 డీబీ అంటే అర ఆక్టేవ్. 120 కాస్తా 170 అయింది. మగగొంతు అడుగుభాగమంతా ఆ బరువైన బేస్ బాక్సులోకే పోయింది. గోలెం అంటే అదే.

నాటకానికి బేస్ 6 డీబీ ఎక్కువ చాలు, తబలా డగ్గా నిండుగా వస్తుంది. కలిసే చోటు 100 కావాలనుకున్నాను. 6 డీబీ అంటే పావు ఆక్టేవ్, కాబట్టి నాబ్ 84 దగ్గర ఉండాలి. కానీ ఆ చిన్న నాబ్ చుట్టూ గీతల్లో 84 ఎక్కడుంది? ఉన్నా నమ్మకూడదు. అందుకని మీటరుతో చూశాను. ఆంప్లిఫయర్లు రెండూ ఆఫ్. ఫోన్ నుంచి 100 హెర్ట్జ్ టోన్ మిక్సర్‌కి, అక్కడి నుంచి క్రాసోవర్‌కి. క్రాసోవర్ లెవెల్ నాబ్‌లన్నీ సున్నా డీబీ దగ్గర. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌లో 2, 3 పిన్నుల మధ్య ఏసీ వోల్టులు కొలవాలి. ఇన్‌పుట్ 1 వోల్టు చేసి నాబ్ మెల్లగా తిప్పితే బేస్‌కి పోయే లో అవుట్ 0.33, టాప్‌కి పోయే హై అవుట్ 0.67 వచ్చే చోటు ఒకటి దొరుకుతుంది. హై, లోకి రెట్టింపు అంటే 6 డీబీ తేడా. ఇక బేస్ లెవెల్ 6 పెంచితే 100 దగ్గర రెండూ సమానం. నా క్రాసోవర్‌లో ఆ చోటు 100 గీతకి బాగా ఇవతలే వచ్చింది. రెండో చానెల్‌లో ఇంకో చోట వచ్చింది, రెండు నాబ్‌లూ ఒకే దిక్కు చూడాలని పట్టుబట్టకండి. మీటరు విషయంలో ఒక మాట. చవక మీటర్లు చాలావాటిలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలు, వాటితో ఇది కుదరదు. 2 వోల్టుల రేంజి ఉండాలి.

ఇంకా, క్రాసోవర్ మీద పదింతలు చేసే బటన్ ఉంటే అది బయటికి ఉందో లేదో ముందే చూసుకోండి. నొక్కి ఉంటే 84 కాస్తా 840 అవుతుంది, మాటలన్నీ బేస్ బాక్సులోంచే వస్తాయి.

తర్వాత పొలారిటీ, అంటే ప్లస్, మైనస్ వైర్లు సరిగ్గా ఉన్నాయా అని. స్పీకర్ల స్పీకాన్ కేబుళ్లు ఆంప్ వైపు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని కేబుల్ 1+ పిన్నుకి, మైనస్‌ని 1- పిన్నుకి తాకిస్తే కోన్ ముందుకి రావాలి. ఒక కేబుల్‌లో వెనక్కి పోయింది. ఎవరో రిపేరు చేసి వైర్లు తారుమారు చేశారు.

ఇక దూరం. ఎండాకాలం రాత్రి శబ్దం సెకనుకి దాదాపు 350 మీటర్లు పోతుంది, అంటే 100 హెర్ట్జ్ అల పొడవు మూడున్నర మీటర్లు. టాప్‌కీ బేస్‌కీ మధ్య తేడా 1.75 మీటర్లు వస్తే ఆ చోట రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 87 సెంటీమీటర్లు వచ్చినా 3 డీబీ పోతుంది. మన క్రాసోవర్‌లో డిలే లేదు, కాబట్టి పెట్టెల్నే జరపాలి. ఒక పక్క బేస్, టాప్ మాత్రమే ఆన్ చేసి, 100 టోన్ సన్నగా పెట్టి, పది మీటర్ల అవతల నేలమీద ఫోన్‌లో మీటర్ యాప్ తెరిచాను. బేస్ ఫేజ్ బటన్ (బేస్ అలని తిరగేసేది) నొక్కి, టాప్ స్టాండుని వెనక్కీ ముందుకీ జరుపుతూ శబ్దం అన్నిటికంటే తగ్గే చోటు చూడాలి. పెద్దగా వినపడే చోటు వెతికితే చెవికి దొరకదు, అది వెడల్పుగా ఉంటుంది. తగ్గే చోటు మాత్రం సన్నగా, కచ్చితంగా దొరుకుతుంది. దొరికాక బటన్ బయటికి తీసేస్తే అదే గట్టిగా కలిసే చోటు.

ఎడమపక్క 40 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే కుదిరింది. కుడిపక్క ఎంత జరిపినా తగ్గలేదు. గంట పోయాక చూస్తే ఆ పక్క టాప్‌కి వాడుతున్న ఆంప్ చానెల్‌కి వెనకాల లోకట్ స్విచ్ (అడుగు స్వరాలు కోసేది) ఆన్‌లో ఉంది. క్రాసోవర్ కోత మీద ఇంకో కోత పడితే ఫేజూ మారుతుంది, లెవెలూ పడిపోతుంది, ఇక అవి ఎప్పటికీ ఒకదాన్నొకటి సరిగ్గా చంపుకోవు. టోన్ పెట్టే ముందే ఆంప్ వెనక చూడాల్సింది. ఆంప్ లోపలే ఉండే పవర్డ్ బేస్ బాక్సు వాడేవాళ్లకీ ఇదే. దాని ఫిల్టర్‌ని బైపాస్ చేయాలి, అది లేకపోతే పైచివరికి తిప్పాలి.

మిగిలినవి చిన్నవి. క్రాసోవర్ 40 హెర్ట్జ్ లోకట్ ఆన్. రంధ్రం ఉన్న బేస్ బాక్సుకి అడుగు స్వరాల్లో కోన్‌ని ఆపేది ఏమీ ఉండదు, కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకుంటుంది. నటుల మైకులన్నిటికీ మిక్సర్‌లో లోకట్ వేశాను, లేకుంటే చెక్కబల్లల స్టేజీ మీద అడుగుల చప్పుడు బేస్‌లో మోగుతుంది. రెండు బేస్‌లనూ నడిమికి తెచ్చి కలిపితే ఇంకా బలం ఉంటుంది, కానీ అక్కడ హారతి పళ్లెం, పిల్లలు. ఆన్ చేసేటప్పుడు మిక్సర్, క్రాసోవర్, చివర ఆంప్. ఆఫ్‌లో ఆంప్ ముందు.

ర్యాక్ మూత లోపల తెల్ల టేపు మీద రాసి ఉంచాను: నాబ్‌ల గీతలు, ఫేజ్ బటన్ బయటికి, టాప్ 40 వెనక్కి. అవే పెట్టెలు, అదే ఎత్తు స్టాండు అయితే ఇంకో ఊళ్లో మళ్లీ వెతకక్కర్లేదు. బేస్ 6 కంటే పెంచితే మాత్రం నాబ్ మళ్లీ మీటరుతో చూడాల్సిందే.