మా స్కూలు సంచిక కోసం ఏఐ నేర్చుకున్నాను: నా అనుభవం

తణుకు బస్టాండుకి దగ్గర్లో మాది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అర్జీలు అన్నీ చేస్తాం. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పోయిన ఆగస్టులో మా హైస్కూలు పూర్వ విద్యార్థులు నలుగురు వచ్చారు. "బాబాయ్, 2004లో మన స్కూలు స్వర్ణోత్సవ సంచిక కంపోజ్ చేసింది నువ్వే కదా. సంక్రాంతికి అందరం కలుస్తున్నాం. అది మళ్లీ వేయించాలి. ఫోన్లో చదువుకునేలా కూడా ఉండాలి" అన్నారు.

సీడీ బీరువాలో భద్రంగానే ఉంది. 112 పేజీలు, మొత్తం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో. ప్రింటు వరకే అయితే ఆ రోజే ఇచ్చేసేవాణ్ణి. ఫోన్లోకి రావాలంటే మాత్రం అదంతా మళ్లీ టైపు చేయాల్సిందే అనుకున్నాను. షాపు పని చూసుకుంటూ 112 పేజీలు ఎప్పటికయ్యేను? మా అమ్మాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఫోన్లో ఈ మాట చెబితే, "ఏఐకి ఇచ్చి చూడు నాన్నా, ప్రూఫు కూడా చూసి పెడుతుంది" అంది. అలా మొదలైంది.

మొదటి అడుగే తప్పు పడింది. ఫోన్లో యాప్ స్టోర్ తెరిచి, చాట్‌జీపీటీ అనే ఏఐ పేరు వెతికాను. పైన వచ్చిన యాప్ పేరు, గుర్తు అచ్చం అలాగే ఉన్నాయి. మూడు రోజులు ఉచితం అంటే సరే అని యూపీఐ పిన్ కొట్టాను. నాలుగో రోజు 499 రూపాయలు పోయాయి. నెలకేమో అనుకుంటే అది వారానికట. కోపంతో యాప్ తీసేశాను. వారం తిరిగేసరికి, రేపు మళ్లీ 499 కట్ అవుతాయని మెసేజ్ వచ్చింది. టెన్షన్‌తో అమ్మాయికి ఫోన్ చేశాను. "యాప్ తీసేస్తే సరిపోదు నాన్నా, ఆటోపే రద్దు చెయ్యాలి" అని, యూపీఐ యాప్‌లో అది ఎక్కడుంటుందో చెప్పి, నా చేతే రద్దు చేయించింది. ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే తర్వాతి కోతలకి పిన్ అడగదు. డెబిట్‌కి ఒక రోజు ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. ఆ మెసేజ్‌ని చూడకుండా తీసేయకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. చాట్‌జీపీటీ, అలాంటిదే గూగుల్ వాళ్ల జెమిని, రెండింటినీ పైసా కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. మొదట్లోనే కార్డో యూపీఐయో అడుగుతోందంటే మీరు తప్పు గుమ్మంలో ఉన్నారు. యాప్ వెతకడం మానేసి, బ్రౌజర్లో అసలు వెబ్‌సైటు చిరునామా మీరే టైపు చేసుకుని వెళ్లండి.

పేజ్‌మేకర్ ఉన్న సిస్టంలో ఇంకా విండోస్ ఎక్స్‌పీయే. అందులో పాత బ్రౌజర్, ఈ వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. పక్కన బిల్లుల కోసం పెట్టుకున్న కొత్త సిస్టంలో ప్రయత్నించాను. జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదు, ఓటీపీ ఏమో ఎప్పుడో వదిలేసిన నంబరుకి పోతోంది. దానితో తంటాలు పడటం ఎందుకని షాపు పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ లెడ్జర్లో రాసుకున్నాను. ఆ జీమెయిల్‌తో రెండింటిలోనూ అకౌంటు తెరవడానికి పది నిమిషాలు పట్టింది.

అసలు పని అక్కడ మొదలైంది. సంచిక మొదటి పేజీ పాత సిస్టం నుంచి కాపీ చేసి ఏఐకి ఇచ్చాను. నా సిస్టంలో ముత్యాల్లాంటి తెలుగు, అక్కడ పడేసరికి నెత్తిన కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాల కుప్ప అయింది. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇది యూనికోడ్ కాని పాత ఫాంటులా ఉంది, ముందు మార్చి తెమ్మని జవాబు వచ్చింది.

ఇరవై ఆరేళ్లు ఈ పని చేస్తూ కూడా నేను దీన్ని ఇంత దగ్గరగా చూడలేదు. మన పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు గీసి పెట్టారు. కంటికి అది 'క', కంప్యూటరుకి మాత్రం ఏదో ఇంగ్లీషు గుర్తు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. మా డీటీపీ వాళ్లం మాత్రం పాత ఫాంట్లతోనే ఉండిపోయాం. అచ్చు అందంగా వచ్చేది, ప్రెస్సువాళ్లకి అవే కావాలి, చేతికి అలవాటైన కీబోర్డు అదే. మాకు అన్నం పెట్టిన ఫాంట్లవి, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఊరూరా డీటీపీ షాపుల సీడీల్లో ఎన్ని సంచికలు, ఎన్ని స్థల పురాణాలు ఇలా బొమ్మలుగా పడి ఉన్నాయో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్. రెండోది, పేజీని ఫొటోలా ఇచ్చి ఏఐ చేతే చదివించడం. రెండోది చూసి మొదట నాకు మతి పోయింది. అర నిమిషంలో పేజీ మొత్తం తెలుగులో వచ్చేసింది. నాలుగు పేజీలు అలా చేశాక ఒరిజినల్ పక్కన పెట్టుకుని చదివాను. ఒకచోట 'విధి' 'వీధి' అయింది. ఒక పేజీలో మూడు వాక్యాల పేరా మొత్తం లేదు. ఉన్న వాక్యాలు మాత్రం నున్నగా, తప్పే లేనట్టు ఉన్నాయి. కన్వర్టర్‌తో ఆ బాధ లేదు. అక్కడ వత్తులు ఊడిపోతాయి, 'క్ష' రెండు ముక్కలవుతుంది, కొన్నిచోట్ల గుడి పక్క అక్షరం మీద పడుతుంది. చూడగానే తప్పు అని తెలిసిపోతుంది. ప్రూఫు చూసేవాడికి కంటికి కనిపించే తప్పే మేలు. అందుకే కన్వర్టర్‌తో మార్చి, ఒక్కో పేజీ ఏఐకి ఇచ్చి తప్పులు దిద్దించడం మొదలుపెట్టాను. ఒకేసారి పది పేజీలు ఇస్తే మధ్యలో వదిలేస్తోంది, ఒక్కో పేజీ ఇస్తే నిలకడగా చేస్తోంది.

ఇంకో జాగ్రత్త. సంచిక చివర పూర్వ విద్యార్థుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆరు పేజీలున్నాయి. అవి నేను ఏఐకి ఇవ్వలేదు, కూర్చుని టైపు చేశాను. షాపుకొచ్చే అర్జీల్లో ఆధార్ నంబర్లుంటాయి, అవీ ఇవ్వను. చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ అని ఉంటుంది. మనం రాసేదాన్ని దాని శిక్షణకి వాడుకోకుండా అక్కడ ఆపుకోవచ్చు. నేను అకౌంటు తెరిచిన రోజే ఆపాను. కస్టమరు నమ్మి చేతికిచ్చిన కాగితం అది.

67వ పేజీ దగ్గర ఆగిపోయాను. అది మా తెలుగు మాస్టారు రాసిన వ్యాసం. 2004లో ఆయన ప్రూఫు చూడటానికి షాపుకొచ్చి, ప్రింటరు పక్కన స్టూలు మీద కూర్చున్న సంగతి ఇప్పటికీ కళ్ల ముందుంది. చేతిలో ఎర్ర బాల్‌పెన్ను. నేను 'గుర్రం' అని కొడితే కొట్టేసి, పక్కన 'గుఱ్ఱం' అని రాశారు. 'ఎర్ర' ని 'ఎఱ్ఱ' చేశారు. "బండి ఱ ఎక్కడుండాలో అక్కడుంచరా. నేను పోయాక ఎలాగూ తీసేస్తారు" అన్నారు. మొత్తం పద్నాలుగు చోట్ల దిద్దించారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

ఏఐ దిద్ది ఇచ్చిన పేజీలో ఒక్క ఱ లేదు. పద్నాలుగూ ర అయిపోయాయి, మార్చానని ఒక్క మాట చెప్పలేదు. నేను మామూలుగా చదివి ఉంటే దాటేసేవాణ్ణే, ఎందుకంటే ఈ రోజు అందరం రాసేది అలాగే. పాత ప్రింటు తీసి, ఆ పద్నాలుగూ వెతికి ఒక్కొక్కటీ మళ్లీ పెట్టాను. ఆ రోజు నుంచి అడిగే తీరు మార్చుకున్నాను. "దిద్దవద్దు. ఏ వాక్యంలో ఏ పదం మీద అనుమానం ఉందో, ఎందుకో రాసి ఇవ్వు. పాత వర్ణక్రమాన్ని, ఇంటిపేర్లని, ఊళ్ల పేర్లని ముట్టుకోవద్దు" అని తెలుగులోనే రాసి ఒక ఫైల్లో పెట్టుకున్నాను. ప్రతి పేజీకీ ముందు అదే అతికిస్తాను. అప్పటి నుంచి అది అనుమానాలు చెబుతుంది, దిద్దడం నేను చేస్తాను. ఒక్కోసారి నేనే 2004లో వదిలేసిన తప్పులు కూడా పట్టిచ్చింది. 'శుభాకాంక్షలు' కి దీర్ఘం లేకుండా అచ్చయి ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదు. ముందుగా మొదలుపెట్టిన ఆ 67 పేజీలూ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. అక్టోబరు చివరికి 112 పూర్తయ్యాయి.

భోగి ముందు రోజు సాయంత్రం మాస్టారి అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తూ బస్టాండులో దిగి నేరుగా షాపుకే వచ్చాడు. పుస్తకం చేతికిచ్చాను, ఫోన్లోకి ఫైలూ పంపాను. ఫోన్ తెరిచి, వెతికే చోట వాళ్ల నాన్నగారి పేరు తెలుగులో టైపు చేశాడు. 67వ పేజీ వచ్చి నిలబడింది. ఆ స్టూలు మీదే కూర్చుని మొదటి పేరా పైకి చదివాడు. గుఱ్ఱం దగ్గర ఆగి, స్క్రీన్ మీద ఆ అక్షరాన్ని పెద్దది చేసి చూశాడు.