అత్తయ్యని కేర్ హోమ్ మార్చాం: నా అనుభవం

అత్తయ్యని నిన్ననే వేరే కేర్ హోమ్‌కి మార్చాం. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

పక్షవాతంతో ఆవిడ మంచాన పడ్డాక ఇంట్లో పెట్టుకున్న అటెండెంట్లు ఎవరూ నిలవలేదు. ఎల్బీ నగర్ వైపు ఒక హోమ్‌లో చేర్చాం. అడ్వాన్స్, ఆధార్ జిరాక్స్, డిశ్చార్జ్ సమ్మరీ ఇస్తే పని అయిపోయింది. ఏసీ రిసెప్షన్ చూసి మా ఆయన అక్కడే ఫ్లాట్.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి ఆయా దుప్పటి మారుస్తోంది. నడుం కింద, వెన్నెముక చివర, రూపాయి బిళ్లంత పుండు. మంచాన ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పి పంపారు. సిస్టర్‌ని అడిగితే చార్ట్ తెచ్చి చూపించింది. ఎడమ పక్క, వెల్లకిల, కుడి పక్క, ప్రతి గడిలో సంతకం. టైం చూశాను, పదకొండు. సంతకాలు రాత్రి ఎనిమిది దాకా ఉన్నాయి! అన్నీ ఒకే పెన్ను, ఒకే చేయి.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. పక్కన వేరే పేషెంట్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. ఆయన చార్ట్ వైపు చూడను కూడా లేదు. "మేడం, ఇంట్లో మీరు చేయలేకే కదా ఇక్కడికి తెచ్చారు? కూతుళ్లు ఎవరూ ఇలా అడగరు, కోడళ్లే అడుగుతారు" అన్నాడు. ఒకావిడ నవ్వింది కూడా. ఇక తీసుకెళ్లిపోతాం అంటే, పెద్దవాళ్లని వదిలేస్తే మూడు నెలలు జైలని 2007 చట్టం ఎత్తాడు. నెలనెలా డబ్బు కట్టి, వారంవారం చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ సెక్షన్ చెప్పడమేమిటి? మా ఆయన ఆ టైంలో ఫోన్ చూసుకుంటున్నారు. ఆ సంగతి ఇంట్లో వేరేగా తేల్చుకున్నాం.

నేను ఏడవలేదు. చార్ట్ ఫోటో తీసుకుని, పెద్దవాళ్ల కోసం ఉన్న 14567కి అక్కడే ఆయన ఎదురుగానే ఫోన్ చేశాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు, డబ్బు పడదు. వాళ్లు వివరాలు రాసుకుంటుండగానే మేనేజర్ "కూర్చోండమ్మా, కాఫీ తాగుతారా" అన్నాడు. అడ్వాన్స్‌లో సగమే వెనక్కిచ్చాడు, అది వేరే కథ.

కొత్తది వెతికేటప్పుడు రిసెప్షన్ జోలికే పోలేదు. చెప్పకుండా రాత్రి భోజనాల వేళకి వెళ్లాను. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లలో నర్సింగ్ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మేనేజర్‌ని కాకుండా వాచ్‌మన్‌ని అడిగాను. ముక్కులోంచి ట్యూబ్‌తో పాలు పోసేటప్పుడు తల ఎత్తి పెడుతున్నారా, యూరిన్ బ్యాగ్ మంచం కిందికి వేలాడుతోందా లేక పక్క మీదే పడేశారా, అవే చూశాను. లోపలికి రానివ్వని చోట మారు మాట లేకుండా వెనక్కి తిరిగాను. "ఇన్ఫెక్షన్ వస్తుందమ్మా" అనేవాళ్లని అస్సలు నమ్మకండి, వాళ్ల ఆయాలు చెప్పులతోనే తిరుగుతుంటారు.

ఇప్పుడు చేర్చినచోట సిస్టర్ ముందుగా అత్తయ్యని పక్కకి తిప్పి, పుండు కొలిచి, మడమలు కూడా చూసి, ఫైల్లో రాసి నా చేత సంతకం పెట్టించుకుంది. గాలి పరుపు కూడా వేశారు. నెలకి నాలుగు వేలు ఎక్కువ. మా ఆయన లెక్కలు వేస్తున్నారు, వేసుకోనీండి.