కుక్క అడ్డొచ్చిందని చెప్పాను

ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళాను, గిండీలో. పదకొండున్నరకే పని అయిపోయింది, నెల్లూరుకి నా రైలేమో సాయంత్రం. ఏం చేయాలో తోచక లోకల్ ఎక్కి తర్వాతి స్టేషన్లోనే దిగిపోయాను. బోర్డు మీద సెయింట్ థామస్ మౌంట్ అనుంటుంది కానీ అక్కడివాళ్ళంతా పరంగిమలై అంటారు. మాది బాప్టిస్టు సంఘం, కొండలెక్కి మొక్కుకునే అలవాటు మాకు లేదు, ఈ సంగతి తెలిస్తే మా అమ్మ ఏమంటుందోనని నవ్వొచ్చింది.

300 అడుగుల కొండ, అంతే. కానీ మే నెల ఎండకి పైకి చేరేసరికి చొక్కా పిండుకునేలా అయింది. పైన పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టిన చిన్న గుడి, పీఠం దగ్గర రాతి సిలువ, దాని చుట్టూ పహ్లవీ అక్షరాలు, అంటే పాతకాలపు పర్షియా లిపి. 1547లో తవ్వుతుంటే దొరికిందట. యేసు శిష్యుడు తోమాను ఈ కొండ మీదే పొడిచి చంపారని వీళ్ళ నమ్మకం. అవునో కాదో నాకెందుకు, నేను ఫ్యాను కింద కూర్చుందామని లోపలికి వెళ్ళాను.

కూర్చున్నాక చనిపోయిన నా స్నేహితుడు గుర్తొచ్చాడు. ఎనిమిదేళ్ళ కిందట నాయుడుపేట దగ్గర రాత్రిపూట బైకు నేను నడుపుతున్నాను, వాడు వెనక. పడ్డాం. నాకు మోచెయ్యి విరిగింది, వాడు బతకలేదు. కుక్క అడ్డొచ్చిందని అందరికీ చెప్పాను. నిజానికి ఫోన్లో మెసేజ్ చూస్తున్నాను, రెండు సెకన్లు, అంతకంటే ఉండదు.

బైబిల్లో ఆశ్రయపురాలని ఆరు ఊళ్ళుంటాయి. కట్టెలు కొడుతుంటే గొడ్డలి ఊడి పక్కవాడికి తగిలి చచ్చిపోతే, కొట్టినవాడు అందులో ఒక ఊరికి పారిపోయి ప్రాణం దక్కించుకోవచ్చు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతికాను, కావాలని చేయలేదు కదా అని. కానీ గొడ్డలి ఊడటం వేరు, గొడ్డలి పట్టుకుని ఫోన్ చూడటం వేరు, పైగా అబద్ధం ఒకటి. నాలాంటివాడికి మిగిలింది బైబిల్లోని దావీదు రాజు కీర్తన ఒక్కటే, 51వది. ఆయన చేసింది పొరపాటు కాదు, తెలిసి చేసిన పాపం, అయినా "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము" అని అడిగాడు. సాకు ఒక్కటీ చెప్పలేదు. నేనూ మొదటిసారి సాకు లేకుండా అడిగాను, ఏడుపొచ్చింది, పక్కన జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

బయటికొస్తే చెట్టు కింద ఒక పెద్దావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. తెలుగావిడే, ఫిరంగిపురం, కొడుకు దగ్గరికొచ్చి ఉంటోందట. (ఫిరంగిపురం నుంచి పరంగిమలైకి, పేర్లు రెండూ ఒకేలా ఉన్నాయి!) ఎందుకు చెప్పానో తెలియదు, మొత్తం చెప్పేశాను. విమానాలు దిగుతుంటే ఆ మోతకి మాటలు ఆపుతూ, మళ్ళీ మొదలుపెడుతూ. ఆవిడ అయ్యో పాపం అనలేదు.

"దేవుడికి చెప్పుకున్నావు, బాగానే ఉంది. మరి ఆ పిల్లాడి తల్లికి చెప్పావా నాయనా?"

"లేదమ్మా."

"ఆయన క్షమించాడని నమ్మితే భయమెందుకు మరి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమె నన్ను క్షమించకపోవచ్చు, ఆ హక్కు ఆమెకుంది. కానీ దేవుడు క్షమించాడని నమ్మినవాణ్ణి ఆ అబద్ధం చాటున ఇంకా ఎందుకు దాక్కోవాలి?

నెల్లూరు టికెట్టు వదిలేశాను. పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి, సెంట్రల్ పక్కనుంచి వాళ్ళమ్మ దగ్గరికని సూళ్లూరుపేట లోకల్ ఎక్కాను. తడ వచ్చేసరికి దిగి వెనక్కి పోదామా అనిపించింది, లేచి నిలబడ్డాను కూడా, మళ్ళీ కూర్చున్నాను.

వాళ్ళమ్మ తలుపు తీసి, "ఇంత పొద్దుబోయి ఎక్కణ్ణుంచి నాయనా, అన్నం తిన్నావా?" అంది. గోడ మీద వాడి ఫోటోకి కొత్త దండ.

"అమ్మా, ఆ రోజు కుక్కేమీ అడ్డు రాలేదు" అన్నాను.

ఆమె టీవీ ఆపింది.